కుదించిన వర్గమూలం

యాకోమీనాకు యాభై దాటాయి. జేలాండ్ తీరంలో కాలువలూ గట్లూ చూసే నీటి బోర్డు ఆఫీసులో పాతికేళ్లుగా లెక్కలు చూసేది ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. రబ్బరుతో తుడిచి దిద్దిన అంకెను నమ్మేది కాదు.

ఆ ఏడు సెప్టెంబరులో కొత్త ఇంజినీరు తెర్‌హోస్ట్ లాకుల కాపలాదారులు లెక్క కట్టే కాగితాన్ని మార్చాడు. అందులో మీటర్లలో కాలువ మట్టం ఎక్స్, బయట సముద్రం మట్టం వై. పాత కాగితంలో వర్గమూలం గుర్తు కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ రెండు ఎక్స్ వై ప్లస్ వై స్క్వేర్ అని పొడుగ్గా ఉండేది. వచ్చిన అంకె ఒకటి దాటితే నీటి ఒత్తిడికి విరక్కుండా లాకు తలుపుల వెనక అడ్డదూలాలు దించాలి. తెర్‌హోస్ట్ దాన్ని కుదించి, ఒట్టి ఎక్స్ మైనస్ వై అని అచ్చు వేయించి పన్నెండు లాకులకూ పంపాడు.

"సముద్రం ఎత్తు పెరిగితే మైనస్ వస్తుంది కదండీ," అంది యాకోమీనా. "వర్గమూలం మైనస్ ఇవ్వదు. అటూ ఇటూ నిలువు గీతలు పెట్టి, మైనస్ గుర్తు వదిలేయమని రాయాలి."

"సముద్రం కాలువని మించడం మీరెప్పుడైనా చూశారా? గీతలు చూస్తే కాపలావాళ్లు బెదిరిపోతారు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

ఆవిడ తాగింది. ఇంకోసారి అడగలేదు.

నవంబరులో ఓ మధ్యాహ్నం వాయవ్యపు గాలి లేచింది. ఆటు వేళైనా నీళ్లు తగ్గలేదు. గట్టు వెనక ఆవులు మేత మాని, అన్నీ ఒకవైపే తిరిగి నిలబడ్డాయి. యాకోమీనా సైకిలు తీసుకుని దగ్గరి లాకుకు తొక్కింది.

"ఎంతొచ్చిందయ్యా, మారినుస్?"

"మైనస్ ఒకటి పాయింట్ నాలుగు," అన్నాడు కాపలాదారు. "సున్నా కన్నా తక్కువే కదమ్మా, పర్లేదు."

అతని వెనక తలుపులు మూలుగుతున్నాయి.

"ఆ మైనస్ వదిలెయ్. దూలాలు దించు!"

"కాగితంలో అలా లేదే!"

"కాగితమే తప్పు. పట్టు, నేనూ పడతా."

చివరి దూలం పడ్డాక తలుపు జానెడు లోపలికి వంగి ఆగింది. ఆవిడ మిగతా లాకులకు ఫోను చేసింది. పది పలికాయి. బాట్సెండైక్ లాకులో ఫోను మోగుతూనే ఉంది.

అక్కడి కాపలాదారు హౌబ్రెక్ట్ మూడో రోజు, తలుపులు విరిగి ముంచెత్తిన నీళ్లు తీశాక శవమై దొరికాడు. గోడ మీద నీళ్లందని ఎత్తున ఉన్న పలకపై అతని లెక్క చెరగలేదు. మైనస్ ఒకటి పాయింట్ ఆరు. లెక్కలో తప్పేమీ లేదు.

తెర్‌హోస్ట్‌ను వేరే ఊరికి మార్చారు. నిలువు గీతలతో కొత్త కాగితం అచ్చయింది. బాట్సెండైక్ పనికి మనిషి ఇంకా కుదరలేదు. యాకోమీనాయే వెళ్లి కాగితాన్ని అక్కడి కాపలా గది గోడకు మేకులతో కొట్టింది. బయట సముద్రం అప్పుడే పోటెత్తుతోంది.