ముగ్గురం పెట్టిన కాపలా

మా నాన్న రైల్వేలో సిగ్నల్ మెయింటైనర్‌గా చేసి రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి, ఈ హిందీ ఊళ్లోనే తోర్వా అనే పేటలో కట్టుకున్న ఇంటికి వచ్చేశాక, చూసుకోవడానికి ఆయనకు సిగ్నళ్లు లేకుండా పోయాయి. ఇంట్లో ఉన్న యంత్రాల్లో కాస్త బుర్ర ఉన్నది కంప్యూటర్ ఒక్కటే. దాని మీద పడ్డారు.

నిజానికి అది అమ్మ కంప్యూటర్. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మ మా వీధిలోని తెలుగు పిల్లలకు చదవడం నేర్పేది. వాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ బళ్లో అంతా హిందీయే. తెలుగు అక్షరం చూపిస్తే ముగ్గు అనుకునే రకం. వాళ్ల కోసం అమ్మ పెద్ద పెద్ద అక్షరాలతో పాఠాలు టైపు చేసి ప్రింటు తీసేది. ఇంగ్లీషు కీబోర్డు నొక్కితే తెర మీద తెలుగు పడేలా చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి నేనే వేసిచ్చాను.

ఒకరోజు ఎదురింటివాళ్ల కంప్యూటర్‌లో వైరస్ దూరి, వాళ్లమ్మాయి పెళ్లి ఫోటోలన్నీ తెరుచుకోకుండా పోయాయి. ఆ సాయంత్రమే నాన్న స్కూటర్ మీద సదర్ బజార్ వెళ్లి యాంటీవైరస్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చారు. కళ్లద్దాలు తుడుచుకుని, తెర మీద వచ్చిన ప్రతి వాక్యమూ పైకి చదివి, అర్థమైనా కాకపోయినా తలాడించి, సరేనని నొక్కుతూ అన్నం వేళకి పూర్తి చేశారు.

తరువాతి ఆదివారం మావయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు, లోకో షెడ్‌లో ఫిట్టర్. మా నాన్న చేసిన పని ఏదీ ఆయనకు ఒక పట్టాన నచ్చదు. నాన్న స్నానానికి వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"అక్కా, బావ పెట్టింది ఎందుకూ పనికిరాదు. నేను మంచిదొకటి వేస్తాను. బావకి సెప్పకు."

అమ్మ బావకి చెప్పలేదు. నాకు చెప్పింది.

నాన్న మర్నాడే తెర మూలన కొత్త గుర్తు చూసి పట్టేశారు. గొడవ అవుతుందనుకున్నాను. ఆయన మాత్రం నాతో, "ఉండనీయమ్మా. సిగ్నళ్లు నడిపే రిలే రూముకి రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర, ఇంకోటి మా దగ్గర. ఇద్దరూ ఉంటే గానీ తలుపు తెరుచుకోదు. ఇదీ అంతేకదేటి?" అన్నారు.

ఇక నా సంగతి. నేను బ్యాంకులో పనిచేస్తాను. మాకొక రోజు ఆన్‌లైన్ మోసాల గురించి శిక్షణ ఇచ్చారు. హాల్లోంచి బయటికి వచ్చేసరికి లోకంలో దొంగ కానివాడు ఎవడూ లేడనిపించింది. ఇంటికొచ్చి ఆ రెండు గుర్తులూ చూశాను. ఒకటి నాన్న పెట్టింది కాబట్టి నమ్మకం కుదరలేదు. రెండోది మావయ్య పెట్టింది కాబట్టి అసలే కుదరలేదు. ఎవరికీ చెప్పకుండా నాకు నచ్చిన మూడోది వేశాను. వేస్తుంటే అది మర్యాదగానే అడిగింది, ఇప్పటికే ఉన్నవాటిని తీసేయమని. 'తర్వాత' అన్న బటన్ నొక్కాను.

అప్పటినుంచి కంప్యూటర్ నడక మారింది. అమ్మ స్విచ్ వేసి, వంటింట్లోకెళ్లి కుక్కర్ పెట్టి, మూడు కూతలు విని వస్తే అప్పటికి తెర వెలిగేది. లోపలి ఫ్యాన్ పిండిమరలా హోరెత్తేది. నాన్న మాత్రం మహా సంతోషంగా ఉన్నారు.

"ఈవాళ పన్నెండు పట్టింది! ఎంత ప్రమాదంలో ఉన్నామో సూడు."

ఆ పన్నెండూ రోజూ అవే పన్నెండని మాకు తెలియదు. ఒక యాంటీవైరస్ పట్టి తన మూల గదిలో పడేసిన ఫైలుని రెండోది అక్కడ చూసి మళ్లీ పట్టేది. దాని గదిలోంచి మూడోది పట్టేది. మధ్యమధ్య ఒకదాన్నొకటి కూడా అనుమానించుకునేవి.

ఒక ఆదివారం ఎనిమిదిమంది పిల్లలు వచ్చి చాపల మీద కూర్చున్నారు. పాఠంలో చివరి మాట టైపు చేద్దామని అమ్మ కీ నొక్కింది. తెలుగు పడలేదు, ఇంగ్లీషు పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఇంగ్లీషే. తెర మీదికి ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. ముందు వరసలో కూర్చున్న పిల్ల లేచి అందులోని ఇంగ్లీషు చదివి, హిందీ కలిపి చెప్పింది.

"ఆంటీ, మీరు ఏ బటన్ దబాయిస్తే... నొక్కితే అది చోరీగా వింటోందట. పకడ్ లియా!"

అమ్మ తెలుగు టైపు ప్రోగ్రాం దొంగగా పట్టుబడింది. ఏ కీ నొక్కారో వినకపోతే అది తెలుగు ఎలా రాస్తుంది? ఆ మాట ఎవరు ఎవరికి చెప్పాలి? అమ్మ పాత క్యాలెండర్ తిరగేసి గోడకు తగిలించి, స్కెచ్ పెన్నుతో పాఠం రాసింది. పిల్లలు వెళ్లిపోయాక మమ్మల్ని పిలిచింది. అప్పటికి మావయ్య కూడా టీకి వచ్చి ఉన్నాడు.

"నాది పట్టి ఉంటాది," అన్నారు నాన్న గర్వంగా. అమ్మ మొహం చూసి, "మీ తమ్ముడిది కూడా కావొచ్చు," అన్నారు.

"అచ్ఛా, నాది అమాయకుల జోలికి పోదు బావా."

"సరే గానీ, ఈ మూడోది ఎవరిది?" తెర మూలన మూడో గుర్తు చూపిస్తూ అడిగింది అమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. అమ్మ మాత్రం తిన్నగా నన్ను చూసింది. నేను ఒప్పుకున్నాను.

"బ్యాంకులో ఉద్యోగం సేస్తావు కదేటి నువ్వు!" అంది. అదే చాలా తగిలింది.

మా బ్యాంకులో కంప్యూటర్లు చూసే అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ పిల్ల మూడు అన్న మాట విని చాలాసేపు నవ్వింది. ఇలాంటివి ఒకటే ఉండాలి, రెండుంటే కొట్టుకుంటాయి అని హిందీలో నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"అయితే మూడూ తీసెయ్," అంది అమ్మ.

తీయడం పెట్టినంత తేలిక కాలేదు. ప్రతిదీ మూడుసార్లు నిజంగానా అని బతిమాలింది. మావయ్యది ఎందుకు వద్దంటున్నారో రాయమంది. "పాఠం సెడగొట్టింది అని రాయే," అంది అమ్మ. రాశాను.

ఆపి మళ్లీ వేస్తే, అమ్మ లేచి కుక్కర్ వైపు వెళ్లేలోపే తెర వెలిగింది. మూలన చిన్న డాలు బొమ్మ కనిపించింది. ఈ కంప్యూటర్‌కి కాపలా ఉంది, అంతా బాగుంది అని రాసి ఉంది. అది కంప్యూటర్‌తో పాటే వచ్చినదట. మేము వేరేది పెట్టగానే పక్కకు జరిగి ఊరుకుందట.

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటి?" అన్నారు నాన్న, బాధగా.

"మీరు అడిగితే కదేటండీ," అంది అమ్మ. తెలుగు ప్రోగ్రాం మళ్లీ వేశాను. డాలు ఒక్కసారి అడిగింది, అమ్మ ఒక్కసారి సరేనంది, అంతే. 'అమ్మ' అని పడ్డాక గానీ అమ్మ కుర్చీలో వెనక్కి వాలలేదు.

మావయ్యని సాగనంపడానికి గేటు దాకా వెళ్లాను. ఆయన బండి స్టార్ట్ చేయబోయి ఆగి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మడూ, మా ఇంట్లో కూడా రెండున్నాయి. ఒకటి నాది. ఇంకోటి మీ అత్త పెట్టింది. ఏది తీసేయాలంటావు?"

"రెండూ తీసేయాలి మావయ్యా."

"నాది నేను తీసేస్తాను," అన్నాడు హెల్మెట్ పెట్టుకుంటూ. "మీ అత్త దాని సంగతి నువ్వొచ్చి మాట్లాడు. నేను పిలిచానని మాత్రం సెప్పకు."