మరిగే నీళ్ళు పోయమన్నది నేనే

ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. చాలా ఏళ్ళుగా. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. గుళ్ళో కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు దేవుడికైనా చెబుదామనుకుంటాను. తీరా అక్కడ పిల్ల చదువూ, నా మోకాళ్ళ నొప్పులూ విన్నవించుకుని ఇంటికొచ్చేస్తాను. అంత పెద్ద నేరం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఎవర్నీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. కుక్క పడుకునే బొంత ఎలా ఉతకాలో అడిగితే తప్పు చెప్పాను. అంతే. అంతేనా? అంతే అయితే ఇన్నేళ్ళు ఎందుకు మోస్తున్నాను?

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు నయం. నా పేరు చెప్పను. మా తోటికోడల్ని పద్మ అంటాను, తన అసలు పేరు వేరు.

మాది నర్సీపట్నం. తొంభైల్లో మాట ఇది. బలిఘట్టం వెళ్ళే వైపు మా మావగారు కట్టించిన ఇల్లు. మధ్యలో నడవా. దానికి ఇటు మా గది, అటు మరిది వాళ్ళ గది, చివర మావగారి పూజగది. మా ఆయనకి బజార్లో బట్టల కొట్టు. మరిది బస్సు కండక్టరు. నేను పెద్దకోడల్ని, పద్మ చిన్నకోడలు.

ఉతుకులో నేను దిట్టని. గొప్పకి చెప్పడం లేదు, ఇది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మా అమ్మ నేర్పింది. పసిపిల్లలు తడిపిన గుడ్డ మీద వేడినీళ్ళు పోశావంటే వాసనని వండి పెట్టినట్టే, ఇక ఆ గుడ్డని వదలదు అనేది. ముందు చన్నీళ్ళు. ఆ తర్వాత నిమ్మకాయ పిండిన నీళ్ళు. ఆ తర్వాత వంట సోడా. సెంట్లూ పన్నీళ్ళూ దగ్గరికి రానివ్వకూడదు. రెండు వైపులా ఎండాలి, లోపల ఒక్క పొర చెమ్మగా ఉన్నా చేసిందంతా దండగ. నా కూతుర్ని పెంచినప్పుడు ఇదంతా చేత్తో చేశాను. అంటే నాకు తెలుసు. బాగా తెలుసు.

పద్మ కొయ్యూరు వైపు పిల్ల. వాళ్ళ నాన్న బడిపంతులు. పెద్ద అందగత్తె కాదు గాని, నవ్విందంటే ఇల్లంతా వినబడేది. పెళ్ళయిన కొత్తలో కడుపుతో ఉంది. ఎనిమిదో నెల్లో బిడ్డ దక్కలేదు. అప్పుడు నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, ఈ ఒక్క మాటా నమ్మండి. ఆ తర్వాత పద్మ నవ్వడం మానేసింది. గదిలోంచి బయటికొచ్చేది కాదు. అన్నం కంచం నేనే పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవారు, పెద్దకోడలు ఎంత మంచిదో అని.

అలా ఉన్న రోజుల్లో మా మరిది వైజాగ్ నుంచి బస్సులో, బుట్టలో పెట్టుకుని ఒక కుక్కపిల్లని తెచ్చాడు. తెల్లగా, బొచ్చుగా, పొమేరియన్. చింటూ అని పేరు పెట్టారు. పద్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. అది వేలు కొరికింది. పద్మ నవ్వింది.

ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి. నా మొహం తప్ప. ఒక మనిషి నవ్వు తిరిగొస్తే నాకేం పోయింది? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. నాకు కనిపించింది ఒక్కటే. పెళ్ళాం కోసం మరిది అంతదూరం నుంచి బుట్ట మోసుకొచ్చాడు. మా ఆయన నా కోసం బజారు నుంచి మల్లెపూలైనా మోసుకురాలేదు. బట్టల కొట్టు పెట్టుకుని, నాకు పండక్కి చీర కావాలంటే నువ్వే వచ్చి చూసుకో అనే మనిషి.

అక్కడితో ఆగినా బాగుండేది. మా వైపు బిడ్డ పుట్టేదాకా గుడ్డ కుట్టరు, ముందే కుడితే కీడంటారు. పద్మ కడుపుతో ఉన్నప్పుడు మా అత్త తన పాత నూలు చీరలు ఉతికి, మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచింది. సూది మాత్రం ముట్టుకోలేదు. బిడ్డ పోయాక ఆ చీరలు పెట్టెలోనే ఉండిపోయాయి. కుక్కపిల్ల వచ్చాక అత్త వాటిని బయటికి తీసింది. నడవాలో వెలుతురు చూసుకుని కూర్చుని, కళ్ళజోడు సర్దుకుంటూ, చింటూకి బొంత కుట్టింది. పొర మీద పొర, సన్నటి కుట్టు. పద్మ పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. ఆ చీరలు ఎవరి కోసం దాచినవో ఇద్దరికీ తెలుసు.

నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉన్నాను. నా కూతురికి అత్త ఒక్క బొంత కుట్టలేదు. మొదటి కాన్పు పుట్టింట్లో కదా, మా అమ్మే కుట్టింది. ఆచారమే అంత, అత్తది తప్పు లేదు. తెలుసు. తెలిసీ ఓర్చుకోలేకపోయాను. నా పిల్లకి లేని బొంత కుక్కకా? ఆ మాట పైకి అనలేదు. అంటే పెద్దకోడలి మంచితనం ఏమైపోవాలి!

తర్వాత ఇల్లంతా ఆ గదికే చేరింది. నా కూతురు బళ్ళోంచి వచ్చి సంచీ గుమ్మంలో పడేసి చిన్నమ్మ గదిలోకి పరిగెత్తేది. కొట్టు నుంచి వస్తే పేపర్లోంచి తల ఎత్తని మా ఆయన, నడవాలో బాసింపట్టు వేసుకుని కుక్కకి రబ్బరు బంతి విసిరేవారు. నేను వేడివేడిగా అట్లు వేసి పిలిస్తే "వస్తున్నాం" అని అటునుంచే కేక. అట్లు చల్లారిపోయేవి. ఆ నవ్వులు గోడకివతల నేను ఒక్కదాన్నే వినేదాన్ని. ఒంటరిగా వింటే నవ్వు కూడా ఎంత కష్టంగా ఉంటుందో!

వానాకాలం వచ్చింది. చింటూ రాత్రుళ్ళు బయటికి వెళ్ళలేక బొంత తడపడం మొదలుపెట్టింది. పద్మ అన్ని బట్టలతో పాటే సబ్బు పెట్టి ఉతికేది. పైన శుభ్రంగానే ఉండేది, లోపలి పొరల్లో వాసన మిగిలిపోయేది. ఆ గాలి నేరుగా పూజగదిలోకి పోతుంది. మా మావగారు మడి మనిషి. ఒకరోజు పూజ మధ్యలో లేచి వచ్చి, ఇంకోసారి ఈ కంపు వచ్చిందా, కుక్కని జీడితోటకి తోలేస్తానని అందరి ముందూ చెప్పేశారు. ఆయన అన్నారంటే చేస్తారు.

ఆ రోజే పద్మ బొంత చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను నూతి చప్టా మీద బట్టలు జాడిస్తున్నాను.

"అక్కా, ఇదెలాగ ఉతకాలో సెప్పవా? ఎన్నిసార్లు ఉతికినా ఆరినాక మళ్ళీ అదే వాసన."

"ఏటేసి ఉతికేవు?"

"సబ్బు పెట్టి బాదేను. ఇంకేటి సేయాలి? మావగారు దాన్ని పంపించేస్తారక్కా. నీకైతే తెలుస్తాదని వచ్చేను."

ఆ చివరి మాటకి కరిగిపోవాల్సింది. చన్నీళ్ళు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే చింటూ వచ్చి పద్మ కాళ్ళకి చుట్టుకుంది. దాని వెనకే నా కూతురు, "చిన్నమ్మా, బంతేదీ?" అంటూ. నన్ను దాటుకుని వెళ్ళింది. నా వైపు చూడనైనా చూడలేదు.

"మరిగే నీళ్ళు పొయ్యి పద్మా," అన్నాను. "బాగా సలసల మరగాల. అందులో ఓ పూట ఒగ్గేయ్. బేగి తీసీకు, నాననీ."

"కుట్లు పాడవవు కదా? అత్త కుట్టింది."

"ఏటీ అవదు. ఆరినాక పన్నీరు జల్లు. ఇంక వాసనన్నదే ఉండదు."

"నువ్వు సెప్పేవంటే ఇంకేటక్కా," అని నవ్వింది.

నీళ్ళు కాచే గుండిగ అటక మీంచి నేనే దించి ఇచ్చాను. పొయ్యి కూడా నేనే ముట్టించాను. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. దాటేస్తే ఈ రాయడం ఎందుకు?

మా అమ్మ చెప్పినట్టే జరిగింది. వాసన బొంతలో ఉడికి కూర్చుంది. పైన పన్నీరు. ముసురు పట్టిన రోజున రెండూ కలిసి లేచేవి, ముక్కు పెట్టలేకపోయేవాళ్ళం. కుక్క తన వాసన ఎక్కడుంటే అక్కడికే వస్తుంది. చింటూ ఆ చోటే మూచూసి, అక్కడే మళ్ళీ తడిపేది. పద్మ మళ్ళీ నీళ్ళు కాచేది. ఆవిరికి వేళ్ళు ఎర్రగా వాచిపోయేవి. ఇంకా బాగా మరగాలేమో అక్కా అని నన్నే అడిగేది. నేను తల ఊపేదాన్ని.

చెప్పడానికి వీలు లేకపోయిందా? రోజూ ఉంది. పొద్దున్న లేస్తే ఇద్దరం ఒకే నూతి దగ్గర. ఎందుకు చెప్పలేదంటే, నాకు సుఖంగా ఉంది. కంపని నా కూతురు ఆ గదికి వెళ్ళడం తగ్గించింది. మా ఆయన మళ్ళీ పేపరు పట్టుకున్నారు. అట్లు వేడిగా ఉండగానే తింటున్నారు. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ ఆ రోజులు నాకు చాలా హాయిగా గడిచాయి.

మావగారు అన్నంత పనీ చేశారు. మాకవరపాలెం దగ్గర మా జీడితోట ఉంది. అక్కడ కాపలా ఉండే మనిషికి చింటూని అప్పగించారు. బొంత కూడా పంపుతానని పద్మ బతిమాలింది. ఆ కంపు ఆటోలో ఎక్కడానికి వీల్లేదన్నారు. పెరుగన్నం తిని మంచం కింద పడుకునే కుక్క, తోటలో వానకి తట్టుకోలేకపోయింది. ఏం కరిచిందో, ఏం జబ్బు చేసిందో, కొద్ది రోజులకే పోయిందని కబురొచ్చింది.

పద్మ అందరి ముందూ ఏడవలేదు. వంటింట్లో నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ, "ఓ గుడ్డ ఉతకడం సేతకాక సంపేసేనక్కా దాన్ని," అంది.

నేను చిక్కుళ్ళు వలుస్తూనే ఉన్నాను.

తర్వాత పద్మ కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళింది. వానలు వెనకబట్టాయి, ఎండ కాస్తోంది. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఏదో ఒకటి బాగు చెయ్యాలనిపించింది. పద్మ మంచం కింద బొంత మడతపెట్టి ఉంది. తీసి చన్నీళ్ళలో వేశాను. నీళ్ళు పసుపుపచ్చగా దిగాయి. పారబోసి మళ్ళీ పోశాను. నిమ్మకాయలు పిండాను. మరక ఉన్న చోట సోడా పట్టించి, తేటగా వచ్చేదాకా జాడించాను. ఎండేశాను, తిరగేశాను, వాసన చూశాను. ఉడికిన వాసన, ఒకపట్టాన వదలలేదు. మళ్ళీ నానబెట్టాను. ఆఖరికి ఎండ వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ఎక్కడ ముక్కు పెట్టి పీల్చినా ఏమీ లేదు. దాన్ని పద్మ మంచం మీద పరిచాను. నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా ఉంది.

పద్మ వచ్చింది. బొంత చూసి నిలబడిపోయింది. మెల్లిగా తీసుకుని మొహానికి ఆనించుకుంది. ఒక మూల చూసింది, ఇంకో మూల చూసింది, మడత విప్పి మధ్యలో చూసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను! అప్పటికీ నా బుద్ధి అది.

"ఏటీ లేదక్కా," అంది. "చింటూ వాసన కూడా పోయింది."

ఆ కంపు బొంతని ఉతక్కుండా మంచం కింద ఎందుకు దాచుకుందో నాకు అప్పుడు తెలిసింది. పద్మే తేరుకుని, నా కష్టం వృథా అయిందని నేను బాధపడతానేమో అని, "ఎంత బాగా ఉతికేవు! నానెంత సేసినా పోలేదు. ఎలాగ తీసేవు?" అని అడిగింది.

అది నాకు దొరికిన ఆఖరి అదను. "ఎండ బాగా కాసింది కదా," అన్నాను.

"అవునులే. నాను ఉతికినప్పుడు అన్నీ వానలే," అంది.

ఇప్పుడు మేం వేరువేరు ఇళ్ళల్లో ఉంటున్నాం. పద్మకి బాబు పుట్టాడు. అత్త ఆఖరిదాకా వాళ్ళ దగ్గరే ఉంది, దానికీ నేను కుళ్ళుకున్నాను. మొన్న వాళ్ళింటికి వెళ్తే బాబు కుక్కపిల్ల కావాలని ఏడుస్తున్నాడు. పద్మ వాడి కళ్ళు తుడిచి, "వద్దురా నాన్నా. అమ్మకి వాటిని సూసుకోడం రాదు. ఒకదాన్ని పోగొట్టుకున్నాను," అంది. వాడు నా వైపు తిరిగి, "పెద్దమ్మా, నువ్వు సెప్పు," అన్నాడు. నేను టీ తాగుతున్నాను. గ్లాసు దించలేదు.

ఇన్నేళ్ళయినా తన చేతులదే తప్పనుకుంటోంది. నేను అనుకోనిస్తున్నాను. తనకి చెప్పగలనా? ఇంకా తెలియదు. క్షమించమని ఎవర్నీ అడగను, మిమ్మల్ని కూడా. ఒక్కటి మాత్రం ఇవాళ నా చేత్తో రాసి చూసుకున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది. పద్మకి చేతకాక కాదు. నాకు తెలియక కాదు. కుళ్ళుతో చెప్పాను.