అరవై దెబ్బల తర్వాత

ఎండాకాలం వస్తే నా సైకిల్ గోడకెక్కుతుంది, నేను నేలకు దిగుతాను.

వానలు వెనకబట్టినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా వారానికి నాలుగు పొద్దులు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి తొక్కుతాను. పందేల మనిషిని కాను. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి తూకం దగ్గర కూర్చునే గుమాస్తాను. నలభై దాటినవాడు బిగుతు నిక్కరు తొడుక్కుని వీధిలోకి వస్తే, "ఏమన్నా, ఆదోనికి బస్సులు నిలిపేసినారా?" అని అడగనివాడు పాపాత్ముడు.

ఒక ఏడు సీజన్ చివర్లో, దేవరగట్టు కొండ వైపు ఎక్కుడులో నడుము పట్టేసింది. ఫిజియోథెరపీ డాక్టరు వెన్ను నొక్కి చూశాడు. "నీ కాళ్లకేం కాలేదు. పొట్టా నడుమూ మెత్తగుండాయి. మూడు నెలలు సైకిల్ ముట్టుకోవద్దు. బోర్లా పండుకొని, మోచేతుల మీద లేచి, ఒళ్లు కట్టె మాదిరి బిగబట్టి రెండు నిమిషాలు నిలబడు. అది చాతనైతే తొక్కు. కాకపోతే ఆ సైకిల్ అమ్మేసుకో" అన్నాడు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇటు ఇల్లు, అటు తూకం బల్ల. నాదంటూ ఉన్నది మధ్యలో ఆ రోడ్డొక్కటే.

మాది నేతపని ఇల్లు. నాన్న పోయాక మగ్గం తీసేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట మీద నాపరాళ్లు పరిచాం. గుంట పూడ్చలేదు, కింద అలాగే ఉంది. ఆ రాళ్ల మీదే నా కసరత్తు. గోడకవతల పక్కింటి ముసలాయన మగ్గం. గోడ మందం కాబట్టి నిలబడితే ఏమీ వినపడదు. మోచేతులు రాతికి ఆనిస్తే మాత్రం ఆయన మగ్గం పలక పోగును బిగించే దెబ్బ ఎముకల్లోకి వస్తుంది. నేత ఇళ్లలో గడియారం చూసేవాళ్లు తక్కువ. మా అమ్మ అన్నం వార్చింది కూడా దెబ్బల లెక్కతోనే. తీరిగ్గా నేస్తే అరవై దెబ్బలకు నిమిషమని నాన్న అనేవాడు. నేనూ ఫోను పక్కన పడేసి, దెబ్బకొక అంకె గట్టిగా పైకి అంటూ మొదలుపెట్టాను. రెండు నిమిషాలంటే నూటఇరవై. మొదటి రోజు ముప్పై దగ్గరే కూలబడ్డాను.

వారం తిరక్కుండానే ముసలాయన పోయాడు. పాడెకు నేనూ భుజం పట్టాను. పన్నెండు రోజులు నేల మూగగా ఉంది. ఆ రోజుల్లో చావింటి పక్కన గొంతెత్తలేక అంకెలు మనసులోనే లెక్కపెట్టుకున్నాను. పదమూడో రోజు తెల్లవారుతుండగా మళ్లీ పైకి "ఒకటి" అన్నాను. కింద ఠక్ మంది. మగ్గం ఎవరికో ఇచ్చారు కాబోలు అనుకుని "రెండు" అన్నాను.

నలభై అయింది, యాభై అయింది. అరవై దగ్గర ఆగిపోయాను. వారాలు గడుస్తున్నాయి. చెమట రాతి మీద మడుగు కట్టేది, చేతులు వణికేవి, అరవై అనగానే పక్కకు దొర్లిపోయేవాణ్ణి. ఒకరోజు గోడమీది సైకిల్ వంక చూస్తే ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇంకోటి కూడా కనిపెట్టాను. నేను ఎంత ఆలస్యంగా లేచినా, "ఒకటి" అనేదాకా మొదటి దెబ్బ పడటం లేదు. కావాలని నోరు మూసుకుని చూశాను. కింద నిశ్శబ్దం. ఏదో కాచుకుని ఉన్నట్టే ఉంది. "ఒకటి" అన్నాను. ఠక్.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గడువు దగ్గరపడేసరికి నా ఏడుపు మొహం చూడలేక నా భార్యే ఫోను పట్టుకుని వచ్చింది. "ఆ దెబ్బలేందో, ఆ లెక్కేందో! నేను టైము సూస్తా, నువ్వు కానీ" అంది. అరవై దాకా నిలబడి దొర్లిపోయాను.

"రెండు నిమిషాల యాభై సెకన్లు! డాక్టరు సెప్పినదానికంటే ఎక్కువే కదా!"

నేల మీద పడుకునే పకపకా నవ్వాను. నా నడుము బాగుపడింది! ఆ నవ్వు మధ్యలోనే ఒళ్లు చల్లబడింది. అరవై దెబ్బలకు మూడు నిమిషాలా? ఇంత నిదానంగా నేసేదెవరు?

"పక్కింట్లో ఎవురు నేస్తాండారు?" అన్నాను.

"ఎవురు నేస్తారు? కర్మలు అయిన దినమే పడుగు కోసి సావుకారికి ఇచ్చేసినారు. ఆ మగ్గం మీద పోగు లేదు."

ఆమె చెయ్యి పట్టుకుని రాతి మీద ఆనించాను. నేను ఆపేశాను కానీ, అది ఆపలేదు. ఠక్. నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కుంది.

నేరుగా పక్కింటికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. మగ్గం గుంటలో ముసలాయన భార్య కూర్చుని ఉంది. బతుకంతా పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిందే గానీ, ఆమె ఆ గుంటలో దిగగా నేను చూడలేదు. పోగు లేని మగ్గం. పలక వచ్చి ఉత్త గాలిని కొట్టి పోతోంది. ఖాళీ ఊయల ఊపకూడదు, ఖాళీ మగ్గం కొట్టకూడదు. కొడితే పోయినవాళ్లు పనికి తిరిగొస్తారని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఏం పని అవ్వా ఇది?"

"ఆయప్ప లెక్క పెడ్తాంటే దెబ్బ ఎయ్యకుండా ఎట్లుండేది నాయనా? అంచులో పూలు తప్పిపోకుండా పైకి లెక్క పెట్టుకుంటానే నేసినాడు బతికినన్నాళ్లూ. సుట్టాలంతా పోయినాంక, పదమూడో దినం మళ్లా ఒకటి అన్నాడు. నేనొచ్చి ఈడ కూసుంటి."

ఆమెను ఇన్నాళ్లు మోసం చేసినట్టు బాధేసింది. "అవ్వా, అది నేను. గుంటలోంచి నీకు వినపడేది నా కసరత్తు లెక్క" అన్నాను.

ఆమె తత్తరపడలేదు. నా మొహం చూసి, "నువ్వు యాడిదాకా పెడ్తావు?" అంది.

"అరవై."

"అవునా! అందుకే అరవై దాకా గొంతు వేరేగా ఉంటాది. ఆ పైన నూరు దాకా ఆయనదే."

డాక్టరు పరీక్ష నెగ్గాను, మరునాడే సైకిల్ దించుకోవచ్చు. దించలేదు. పొద్దున్నే రాళ్ల మీద దిగి అరవై దాటించాను. డెబ్బై రెండు దగ్గర కూలి, చెవి రాతికి ఆనించి నోరు గట్టిగా మూసుకున్నాను. దెబ్బలు పడుతూనే ఉన్నాయి. మనసులో లెక్కపెట్టాను. సరిగ్గా నూరు దగ్గర ఆగింది. అవ్వ తనలో తాను లెక్కపెట్టుకుని ఉంటుంది. అంతే అయి ఉంటుంది. వెళ్లి అడగలేదు.

ఇప్పుడు సైకిల్ రోడ్డెక్కింది. నడుము ఇనుము. అయినా రోజూ నూరు దాకా నిలబడిన తర్వాతే గడప దాటుతున్నాను. నడుము కోసం కాదు. ఆ నలభై అంకెలు ఇంకొకరికి వదిలే ధైర్యం నాకు లేదు.

అవ్వ దెబ్బ రానురాను ఇంకా నిదానిస్తోంది. నిన్న నేను "నూరు" అన్నాక దెబ్బ పడలేదు. చెమట కళ్లలోకి కారింది. దిగలేదు. చాలాసేపటికి ఠక్ మంది. అప్పుడు దిగాను.