బూడిద దొర మంచివాడైన వారం

ఆ రోజుల్లో, మా దీవికి స్వాతంత్ర్యం కావాలా వద్దా అని పెద్దవాళ్ళు రేడియో చుట్టూ చేరి గొంతులు చించుకుంటుంటే, పన్నెండేళ్ళ నాకు లోకంలో ఒక్కటే చింత ఉండేది: ఈ వారం బూడిద దొర ఎవరిని ముంచుతాడు? నాన్న పోర్ట్ లూయిస్‌లో గుమాస్తా. ప్రతి శనివారం మా ఊరు వకోవా వానలో బస్సు దిగి, చొక్కాలో దాచి తెచ్చిన ఫ్రెంచి బొమ్మల కథల పుస్తకం నా చేతిలో పెట్టేవారు. అందులో నాయకుడంటూ ఒక పోలీసు ఉండేవాడు గానీ వాడు నాకు ఆనేవాడు కాదు. ఒళ్ళంతా బూడిదై తలుపు సందుల్లోంచి దూరిపోయి, వంతెనలు కూల్చి, ఓడలు ముంచే ఆ దుర్మార్గుడు బూడిద దొరంటేనే నాకు ప్రాణం. ఒకసారి పొయ్యిలో బూడిద మొహానికి పూసుకుని నేనూ తలుపు సందులో దూరబోయాను. (తల పట్టలేదు. చెవి మాత్రం వారం రోజులు వాచింది.)

చదువు రాని మా అవ్వకు ఆ కథలు నేనే చదివి వినిపించేదాన్ని. ఫ్రెంచిని మేం ఇంట్లో మాట్లాడే క్రియోల్‌లోకి మార్చి, బళ్ళో నేర్చిన నాలుగు తెలుగు మాటలు మధ్యలో అద్దేదాన్ని. ఒక శనివారం ముందుగా నేనొక్కదాన్నే చదువుదామని పుస్తకం తెరిచాను. బూడిద దొర తగలబడుతున్న ఇంట్లోంచి పిల్లల్ని మోసుకొస్తున్నాడు. చివరి పేజీలో ఆ పోలీసుతోనే చేయి కలిపి, ఇకమీదట ఈ నగరాన్ని కాపాడతానని ప్రమాణం చేస్తున్నాడు. అచ్చులో పొరపాటేమోనని అట్ట తిప్పి చూశాను. కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోతే, నాన్న జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశారు.

అవ్వకు ఈ ఘోరం చెప్పడానికి నోరు రాలేదు. బూడిద దొర ఆ పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడని చెప్పేశాను. అవ్వ పుస్తకం తీసుకుని బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

“ఎత్తుకుపోయేవాడైతే పిల్లలు వాడి మెడ పట్టుకుని నవ్వుతారా, మో తిఫీ?” (చిట్టితల్లీ అని.)

దొరికిపోయాను. ఏడుస్తూ, అంత చెడ్డవాడు మంచివాడవడం మోసమని, అలా ఎక్కడా జరగదని వాదించాను.

“ఎందుకు జరగదు? మీ తాత పెద్ద వోలేర్ కదా,” అంది అవ్వ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

వోలేర్ అంటే దొంగ. తాతంటే గుళ్ళో భజన పెద్ద. ఆయన కనబడితే ఊళ్ళోవాళ్ళు చుట్టలు ఆర్పేసేవాళ్ళు. అటువంటి మనిషి చెరుకుతోట దొర గుర్రాన్ని దొంగిలించి, దాని మీదే పెళ్ళిపందిట్లోకి వచ్చాడట. తాళి కట్టిన మర్నాడే పోలీసులు వచ్చి పట్టుకుపోయారట. తిరిగొచ్చాక కూడా తాగుడు, కొట్లాటలు. కొన్నేళ్ళకు ఒక తుపానులో, కూలిన ఇంటి కింద చిక్కుకున్న పక్కింటి పిల్లల్ని లాగబోయి కాలు విరగ్గొట్టుకున్నాడట. పిల్లలు దక్కారు. ఆయన ఆరు నెలలు మంచం మీద ఊసుపోక భజనలు నేర్చుకున్నాడట. అవ్వ ఇదంతా కూర ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. బూడిద దొర కొట్టిన దెబ్బ నుంచే ఇంకా తేరుకోని నాకు ఇది రెండో దెబ్బ.

మర్నాడు ఆదివారం భజనలో తాతకు ఎదురుగా కూర్చున్నాను. అదే తెల్ల పంచె, అవే తాళాలు. ఎంత చూసినా దొంగ కనబడలేదు. చరణానికీ చరణానికీ మధ్య ఆయన ముందుకు వంగి, ఎందుకు పాడటం లేదని అడిగాడు.

“తాతా, ఆ గుర్రం ఏ రంగు?” అన్నాను.

నా ఎరుకలో మొదటిసారి ఆయన తాళం తప్పింది. అవ్వ వైపు చూశాడు. అవ్వ కళ్ళు మూసుకుని ఇంకాస్త గట్టిగా పాడింది. పాట ముగిశాక తాత నా చెవిదగ్గరకు వంగాడు.

“తెల్లది. చాలా మంచి గుర్రం.”

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. నేను పుట్టుకతోనే మంచిదాన్నని మనవలు నమ్ముతారు. అది నిజమే కావడం నాకు అప్పుడప్పుడూ కాస్త చిన్నతనంగా ఉంటుంది.