బేస్‌బాల్ మైదానంలో మైదా బంక

బేస్‌బాల్‌కి జనం ఆట చూడడానికి వస్తారని మా అల్లుడు చెబితే మొదట్లో నమ్మాను. రెండుసార్లు వెళ్ళాక తెలిసింది, వచ్చేది మేయడానికి. ఒకడు కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇంకొకడు బంతి విసరాలా వద్దా అని ఆలోచిస్తూ ఉమ్ముతుంటాడు. ఈలోగా చుట్టూ వేలమంది దవడలు ఆడుతుంటాయి. అమ్మాయి వాళ్ళుండే నేపర్‌విల్ నుంచి రైలెక్కి సిటీకి అంతదూరం వెళ్ళేది ఈ భాగ్యానికా!

ఇక ఆ తిండి సంగతి. ముడేసిన రొట్టె మీద రాళ్ళుప్పు చల్లి, అదేదో పిండివంటైనట్టు క్యూలో నిలబడి మరీ కొంటారు. ఐస్‌క్రీం ప్లాస్టిక్ టోపీలో పెట్టిస్తారు. తలకి పెట్టుకునేదాంట్లో తినడమేమిటని అడిగితే మా అమ్మాయి నవ్వింది. వేరుశనక్కాయలు ఒలుచుకు తిని తొక్కలు కాళ్ళ కిందే పారేస్తారు, తుడిచేవాడి ఖర్మ. అన్నిటినీ మించింది నాచోస్. మొక్కజొన్న అప్పడాల ముక్కల మీద పసుప్పచ్చగా ఏదో పోస్తారు, చీజ్ అట. మా ఊళ్ళో సినిమా పోస్టర్లు అంటించే మైదా బంకలో కాస్త పసుపు కలిపితే అచ్చం అదే. ఆ బంకే నయం, గోడకైనా పనికొస్తుంది.

ఆ నాచోసంటే మా ఆయనకి ప్రాణం.

పులుసులో ఉప్పు రవ్వంత తగ్గితే కనిపెట్టే మనిషి. పోయినేడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నడక, మాట దక్కాయి గానీ తిండి పోయింది. భోజనానికి పిలిస్తే "మీరు కానివ్వండి" అంటారు. అందరూ లేచాక ఒక్కరే కూర్చుని రెండు మెతుకులు కతికి లేస్తారు. నేను కలిపి పెడతానంటే "చిన్నపిల్లాణ్ణా?" అని కసిరారు. ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్ళు తప్ప ముట్టరు. మందుల వల్ల నోరు చచ్చిందనుకున్నాను. చొక్కాలన్నీ వదులైపోయాయి. ఇంకా తగ్గితే మనిషి లేవడం కష్టమని డాక్టర్ చెప్పాక నాకు నిద్ర పట్టడం మానేసింది.

అలాంటి మనిషి స్టేడియంలో మాత్రం ఒళ్ళో ట్రే పెట్టుకుని బంక గీకి మరీ తినేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పొద్దున్నే లేచి గుత్తొంకాయ చేస్తే ముట్టని మనిషికి ఈ గడ్డి రుచించిందా?

"ఏమండీ, నా వంట కంటే ఇది బావుందా?" అని ఒకసారి అడిగేశాను.

"నీకెందుకే, తిననీ" అన్నారు.

"అమ్మా, ప్లీజ్! నాన్న ఇక్కడైనా తింటున్నారు కదా. కామెంట్ చెయ్యకు" అంది మా అమ్మాయి.

కామెంట్ చెయ్యడం నేనేమీ మానలేదు. కానీ ప్రతిసారీ టికెట్లు బుక్ చెయ్యమని అల్లుణ్ణి పోరేది కూడా నేనే.

మొన్న మాతోపాటు అల్లుడి స్నేహితుడి తల్లిదండ్రులు కూడా ఆటకొచ్చారు. మేం అమ్మాయి దగ్గరికొచ్చినట్టే, కొడుకు దగ్గర నాలుగు నెలలుండి పోదామని వచ్చినవాళ్ళు. మా ఆయన నాచోస్ మొదలుపెట్టబోతుండగా వాళ్ళు వచ్చి నా పక్కన కూర్చున్నారు. వాళ్ళని చూడగానే ఆయన ఎడమచెయ్యి ట్రేలోంచి వెనక్కి తీసేసి ప్యాంటుకి తుడుచుకున్నారు.

"తినండి అన్నయ్యగారూ, మా కోసం ఆగకండి" అన్నారావిడ.

"లేదమ్మా, ఆకలిగా లేదు. ఇంట్లో తినే వచ్చాం."

పచ్చి అబద్ధం. పొద్దుట్నించీ ఆయన కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. ట్రే ఒళ్ళో అలాగే ఉంది, బంక గట్టిపడుతోంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆయనకి నచ్చింది ఆ చీజ్ కాదని. చుట్టూ చూశాను. ప్రతివాడికీ ఒక చేతిలో బీరు, రెండో చేత్తో తిండి. ఎవడు ఏ చేత్తో తింటున్నాడో పట్టించుకునే నాథుడు లేడు. ఎడమచేత్తో తింటే మొహం చిట్లించేది మనవాళ్ళే, పాపం అని నిట్టూర్చేదీ మనవాళ్ళే. ఆ చూపులకి సిగ్గుపడి ఇంత పెద్దమనిషి కడుపు మాడ్చుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది.

హ్యాండ్‌బ్యాగ్ కుడిచేతిలోకి మార్చుకున్నాను. ఎడమచెయ్యి చాచి ఒక ముక్క తీసి, బంకలో బాగా ముంచి, ఆవిడ చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "వదినగారూ, మీది పుర్రచేతి వాటమా?"

"ఇక్కడికొచ్చాక అయింది" అని, మా ఆయన వైపు తిరిగాను. "ఏమండీ, ఇదంతా నా ఒక్కదాని వల్ల కాదు. మీరూ తినండి."

ఆయన నా వంక చూశారు. తర్వాత ఆయన ఎడమచెయ్యి మెల్లగా ట్రేలోకి వచ్చింది. ఆవిడ మైదానం వైపు తిరిగి బేస్‌బాల్‌ని మహా శ్రద్ధగా చూడసాగారు.

అంత దరిద్రపు తిండి ఈ జన్మలో తినలేదు. ఇద్దరం కలిసి ట్రే ఖాళీ చేశాం. అయ్యాక అల్లుడికి నేనే చెప్పాను.

"ఇంకోటి ఆర్డర్ చెయ్యి నాయనా. ఆ బంక కాస్త ఎక్కువ పొయ్యమను."