గుర్రానికి బెల్లం

మా ఆయన బొగ్గు గని నుంచి రిటైరై వచ్చాక అందరిలాగా పొద్దున వాకింగూ, సాయంత్రం పేకాటా పెట్టుకుని ఉంటే ఈ గోలే ఉండేది కాదు. ఈయన ఫోన్ పట్టుకున్నాడు. టై కట్టుకున్నవాడెవడో అందులో కూర్చుని, గుర్రాలకు సహజమైన బలం పొడి చేసి అమ్మితే దశ తిరుగుతుందని చెప్పాడట. బర్రెలకు కాదు, మేకలకు కాదు, గుర్రాలకు. గని పనివాళ్ల ఈ సెంటినరీ కాలనీలో ఇన్నేళ్లున్నాను, గుర్రమనేది పెళ్లి బరాత్‌లో తప్ప నా కంటబడలేదు.

"గుర్రాలు ఏడున్నయయ్య ఈడ?" అన్నాను.

"పట్నంల లేవా? రేసు గుర్రాలకు ఎంత గిరాకుంటదో నీకేం ఎరుక," అన్నాడు. రేసు గుర్రాల వాళ్లంతా రామగుండంలో రైలు దిగి మా ఇంటి ముందు లైను కడతారన్నట్టే ఉంది ఆ ముఖం.

ముందు కంపెనీకి పేరు పుట్టింది. తర్వాత బ్యానరు. పొడి అన్నిటికంటే ఆఖరున పుట్టింది. మునగాకు తెచ్చి డాబా మీద ఆరబోస్తే ఓపెన్‌కాస్టు గని నుంచి లేచిన బొగ్గు దుమ్ము దాని మీద పడేది. దాన్నే దులిపి, మెంతులూ అవిసెలూ అశ్వగంధా కలిపి, నా మిక్సీలో పట్టి, డబ్బా మీద 'స్వచ్ఛమైన ప్రకృతి' అని అంటించాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో పల్లి చట్నీ కూడా గుర్రపు మందు వాసనే కొట్టింది. తోటి రిటైర్డు దోస్తులు వచ్చి, చెంచాడు నోట్లో వేసుకుని, తలకాయలూపి, "మస్తున్నదే," అని పోయేవారు. గుర్రం మందును మనుషులు తిని పాసు చేయడం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

అంతటితో ఆగినా బాగుండు. వీడియోలో లేనిది ఒకటి ఈయన సొంత బుర్రలోంచి వచ్చింది. అది బెల్లం. మా దగ్గర గని పనివాళ్లకు బెల్లమంటే మందు. షిఫ్టు దిగి పైకి రాగానే ఇంత ముక్క నోట్లో వేసుకుంటే, లోపలికి పోయిన బొగ్గు దుమ్మంతా కొట్టుకుపోతుందని నమ్మకం. ఈయన సర్వీసంతా తిన్నాడు. దగ్గుతూనే తిన్నాడు. దగ్గు తగ్గలేదేమని ఒక్కసారైనా అనుకోలేదు.

"బొగ్గు గాలి పీల్చే గుర్రానికి బెల్లం లేకుంటె ఎట్ల?" అని, పొడిలో సగం బెల్లమే దంచి కలిపాడు.

గోదావరిఖనిలో బరాత్‌లకు గుర్రం తిప్పే మనిషి ఒకడు దొరికాడు. పాపం, ఆయనకున్నది ఒక్కటే తెల్ల ఆడగుర్రం. పెళ్లిళ్ల కాలంలో అది నడిస్తేనే మిగతా కాలం వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలి. "బొగ్గు బాయిల పనిచేసినోనివి, దుమ్ము సంగతి నీకు తెల్వక ఇంకెవలికి తెలుస్తదన్నా," అని కళ్లకద్దుకుని డబ్బా తీసుకున్నాడు. గుర్రం తొట్టి అడుగు దాకా నాకేసేది. నాకదా మరి, సగం బెల్లమాయె. బొచ్చు మెరుస్తోందని ఇద్దరికీ ఒకటే సంబరం.

పెళ్లిళ్లు మొదలయ్యాయి. మొదటి బరాత్ రోజు మా ఆయన బ్యానరు చంకన పెట్టుకుని బయల్దేరాడు. పెళ్లికొడుకు కాళ్ల కింద కంపెనీ పేరు వేలాడాలట. ఆ సిగ్గుమాలిన పనిని ఆపుదామని నేనూ వెంటపడ్డాను. మేం వెళ్లేసరికి గుర్రానికి జూలు దువ్వి, ముఖానికి పూసలు, కాళ్లకు గజ్జెలు కట్టి ఉన్నాయి. అది మాత్రం అడుగు తీసి అడుగు వేయడం లేదు. ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి వణుకుతోంది.

"గిట్టలు కాలుతున్నయన్నా," అన్నాడు గుర్రమాయన.

పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చి కాళ్లు పట్టి చూసి, "ఏం పెడుతున్నరు దీనికి?" అని అడిగాడు. మా ఆయన గర్వంగా డబ్బా చూపించాడు. "అంత నేచురలే సార్. దుమ్ముకని బెల్లం జెర ఎక్కువేసిన."

డాక్టరు డబ్బా మూత పెట్టేశాడు. "బెల్లంతోనే గిట్టల లోపట వాపొచ్చింది. దుమ్ము ఊపిరితిత్తులకు పోతది, బెల్లం కడుపులకు పోతది. దానికి దీనికి ఏం సంబంధం?"

"నేను సర్వీసంత తిన్న సార్. నాకేం కాలే."

"నువ్వు గుర్రానివి కాదు గద."

కాదు, గాడిద అని నా నోటిదాకా వచ్చింది.

"బరాత్‌ల నడుస్తదా సార్?" అని గుర్రమాయన అడిగాడు.

"నొప్పి తగ్గితె మెల్లగ నడుస్తది. మనిషిని మాత్రం ఇగ మొయ్యది. చల్లనీళ్లు పోస్తుండు," అని డాక్టరు వెళ్లిపోయాడు.

గుర్రమాయన మా ఆయన్ను తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను, నేనూ నాలుగు కలిపేదాన్ని. ఆయన కింద కూర్చుని గుర్రం కాళ్ల గజ్జెలు విప్పాడు. "దానికేం తెలుసన్నా. నిన్ను నమ్మింది నేను," అని వాటిని మా ఆయన చేతిలో పెట్టి, నీళ్ల బకెట్ కోసం లేచాడు.

మా ఆయన ఆ గజ్జెలను మోగకుండా పిడికిట్లో బిగించి నిలబడ్డాడు. గుర్రం అంత నొప్పిలోనూ మెడ చాచి, మూసిన ఆ పిడికిలిని నాకడం మొదలుపెట్టింది, బెల్లం ఉందేమోనని.