రికార్డులో వినపడకుండా పోయిన ఈల

విజయవాడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ట్రంకు కాల్స్ కలపడం నా ఉద్యోగం. ఆ రోజు బందరు లైను కలుపుతుండగా దగ్గు తెర వచ్చింది. రుమాలు చూస్తే ఎర్రటి జీర. పక్క సీటు ఆవిడ చూడకుండా మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేశాను.

ఎక్స్‌రే, కఫం పరీక్ష అయ్యాక డాక్టరు గారు, "టి.బి. అమ్మా. ఇప్పుడు శానటోరియంలో ఉండక్కర్లేదు, మందులున్నాయి. మధ్యలో మానితే మాత్రం నేనేం చెయ్యలేను," అన్నారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐ.ఎన్.హెచ్. మాత్రలు. సెలవు పెట్టి ఉయ్యూరులో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అన్నయ్య ఓడలో రేడియో ఆఫీసరు, ఎక్కువ రోజులు సముద్రం మీదే. ఇంట్లో వదిన ఒక్కతే.

పగలంతా మంచం మీదే ఉండేదాన్ని. చర్చి క్వయర్‌లో పాడిన అలవాటు వల్ల ఏ పాట విన్నా గొంతు కలపకుండా ఉండలేను. కలిపితే దగ్గు. అన్నయ్య జర్మనీ నుంచి తెచ్చిన ఎల్పీ రికార్డు ఒకటి బీరువాలో పడి ఉంది. సింథసైజర్ అనే యంత్రంతో చేసిన సంగీతమట. పల్లవి లేదు, తాళం లేదు, మనిషి గొంతు లేదు. ఒక ధ్వని మెల్లగా లేచి, గదంతా పరుచుకుని, ఎప్పుడు మారిందో తెలియకుండా మరో ధ్వని అయిపోతుంది.

"స్టేషన్ దొరకని రేడియోలా ఉందే సుగుణా!" అని వదిన నవ్వింది. నాకు మాత్రం అందులోనే హాయి. రోజూ మధ్యాహ్నం రెండు వైపులా వినేదాన్ని. రెండో వైపు ఆఖర్లో అన్నీ సద్దుమణిగి సన్నటి ఈల ఒక్కటే మిగిలేది. దానికోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసేదాన్ని.

రెండో నెలలో చెవుల్లో గుయ్యిమని మోత మొదలైంది. కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటే పక్కకు ఒరిగిపోయేదాన్ని. నీరసమని సర్దిచెప్పుకున్నాను. చెబితే ఇంజెక్షన్ ఆపేస్తారు, ఆపితే మళ్ళీ రక్తం పడుతుందని అసలు భయం.

ఒక మధ్యాహ్నం రికార్డు చివరికొచ్చింది. ఈల రాలేదు. సూది అరిగిందేమోనని వదినను పిలిచాను.

"ఏమన్నా వినపడుతోందా వదినా?"

"ఆఁ, సన్నగా ఈల వేస్తున్నట్టు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నీకు వినపడట్లా?"

స్పీకరుకు చెవి ఆనించాను. మోత తప్ప ఏమీ లేదు. వదిన నా మొహం చూసి ప్లేయరు కట్టేసి, "చీర మార్చుకో, బస్సుకు డాక్టరు దగ్గరికి పోదాం," అంది.

"ఈ మోత ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు డాక్టరు గారు.

"మూడు వారాలండీ."

"మూడు వారాలా! చెవుల మీద ఆధారపడే ఉద్యోగం నీది. ఎందుకు చెప్పలేదమ్మా?"

వినికిడి ఎంతుందో కొలిచే ఆడియోగ్రామ్ తీయించారు. రెండు చెవుల్లోనూ హై ఫ్రీక్వెన్సీ, అంటే ఈలలాంటి సన్నటి ధ్వనులు వినే శక్తి, పోయింది. "ఇంజెక్షన్ వల్లే. ఇవాళే ఆపేస్తున్నాను. పోయింది తిరిగి రాదు. ఇంకొన్ని వారాలు తగ్గుతూ పోవచ్చు కూడా. ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను." ఇంజెక్షన్ బదులు ఎథాంబ్యుటాల్ మాత్రలు రాశారు.

ఆ వారాలు జబ్బుకంటే కష్టంగా గడిచాయి. ఈలకు ముందు చిరుగంటల్లాంటి చప్పుళ్ళు ఏడు వచ్చేవి. గంట వినపడినప్పుడల్లా వదిన కాగితం మీద ఒక గీత గీసేది, నేను అటు తిరిగి కూర్చుని నా కాగితం మీద గీసేదాన్ని. ఆమెవి ఎప్పుడూ ఏడే. నావి అయిదు, తర్వాత మూడు. పదో రోజు నా కాగితం ఖాళీ. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

ఆ తర్వాత ఇంకేదీ పోలేదు. అయినా నమ్మకం కుదరలేదు. మూడో ఆడియోగ్రామ్‌ను రెండోదాని పక్కన పెట్టి చూసి డాక్టరు గారు, "ఆగింది," అన్నారు. వదిన నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

మందుల కోర్సు పూర్తయింది. కఫంలో క్రిములు లేవు. మళ్ళీ ఎక్స్చేంజిలో చేరాను. ఫోనులో మాటలకు నా చెవులు చాలుతున్నాయి, ఊరి పేరులో స, శ వస్తే రెండోసారి అడుగుతాను. మోత ఇంకా ఉంది.

ఈ ఇంజెక్షన్లు చేయించుకుంటున్నవాళ్ళకు ఒక్కమాట. చెవిలో మోత వచ్చినా, నడక తూలినా, తర్వాతి సూది పడకముందే డాక్టరుకు చెప్పండి. మందు మీ అంతట మీరు మానకండి, మార్చి ఇవ్వడం వాళ్ళకు తెలుసు. చెప్పడానికి నేను భయపడిన ఆ మూడు వారాల్లో పోయింది నాకిక రాదు.